చిప్పు మార్చాక చూసిన పొంతనలు

హిందూపురం చంద్రప్పకు సిగ్గు ఆలస్యంగా వచ్చింది. వచ్చింది మాత్రం పెట్టేబేడాతో దిగిన చుట్టంలా వచ్చింది. ఇంతవరకూ లేచి పోలేదు.

తొంభైల మొదట్లో బస్టాండు దగ్గర చిన్న గది తీసుకొని ‘కంప్యూటర్ జాతకం’ అని బోర్డు పెట్టాడు. కంప్యూటరంటే ఏదో అనుకునేరు. బెంగళూరు పాత సామాన్ల బజారులో కొన్న మిషను అది, ఇంట్లో పెట్టుకొనే చిన్న రకం. కీబోర్డులోనే అంతా ఉంటుంది, తెరకు బదులు టీవీకి తగిలించాలి, ప్రోగ్రాం క్యాసెట్టులోంచి ఎక్కించాలి. పక్కన గరగరమనే ప్రింటరు. ఇద్దరి పుట్టిన తేదీలు, వేళలు చెప్తే నక్షత్రాలూ, రాశులూ, పొంతనకు ముప్పై ఆరు మార్కుల్లో ఎన్నొచ్చాయో కాగితం మీద వచ్చేది. పద్దెనిమిది దాటితే పెళ్ళి, దాటకపోతే ఇంకో సంబంధం. పంతులు తప్పు చెప్పినా చెప్తాడు గానీ కంప్యూటరు చెప్పదని మడకశిర నుంచీ గోరంట్ల నుంచీ జనం వచ్చేవాళ్ళు.

ఆ ప్రోగ్రాం చంద్రప్ప సొంతంగా రాసుకున్నది. అందులో ఒక సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మిషను గుండెకాయ ఒక చిప్పు. దానికి ఆజ్ఞలన్నీ అంకెల్లోనే ఇవ్వాలి. ఏ అంకెకు ఏ పని చేస్తుందో పుస్తకంలో ఉంటుంది. కొన్ని అంకెల దగ్గర మాత్రం పుస్తకంలో ఏమీ రాయలేదు. తయారుచేసినవాళ్ళు వాటి ఊసే ఎత్తలేదు. ఇతను ఊరుకుంటాడా? ఒక్కొక్కటీ ఇచ్చి చూశాడు. కొన్నింటికి మిషను బిగుసుకుపోయింది. ఒక అంకెకు మాత్రం రెండు ఆజ్ఞల పని ఒక్క దెబ్బకే చేసి పెట్టింది. మిషనులో చోటు చాలక అల్లాడుతున్నవాడికి లంకెబిందెలు దొరికినట్టయింది. అమ్మాయి నక్షత్రాన్ని పొంతన లెక్కలోకి ఎక్కించే చోట ఆ అంకె వాడేశాడు. “పుస్తకం రాసినోనికి తెలీంది నాకు తెల్సు” అని టీ అంగట్లో చెప్పుకొనేవాడు. మాకు ముక్క అర్థం కాకపోయినా, టీ ఇప్పించేది అతనే కాబట్టి తలూపేవాళ్ళం.

తొంభై ఐదు ఎండాకాలంలో వోల్టేజీ పెరిగి చిప్పు కాలిపోయింది. బెంగళూరులో అంగడివాడు అదే నంబరున్న ఇంకో చిప్పు ఇచ్చాడు. నంబరు మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరం ఎక్కువుంది. కొత్త రకం, తక్కువ వేడెక్కుతుంది, అంతే తేడా అన్నాడు. పెట్టగానే టీవీ వెలిగింది, ప్రింటరు గరగరలాడింది, నక్షత్రాల పేర్లు సరిగ్గా వచ్చాయి. చంద్రప్ప అంతకు మించి చూడలేదు.

ఆ కొత్త చిప్పులో, పుస్తకంలో లేని అంకెలన్నిటినీ ఏ పనీ చేయనివిగా మార్చేశారు. మాట ఇచ్చినవాటిని మార్చితే తప్పు గానీ, అసలు చెప్పనివాటిని మార్చితే ఎవరు అడుగుతారు? చంద్రప్ప అంకె దగ్గరికి వచ్చేసరికి మిషను తనకు పట్టనట్టు దాటుకొని పోయేది. ఆగేది కాదు, తప్పని చెప్పేది కాదు. అమ్మాయి నక్షత్రం లెక్కలోకి ఎక్కేది కాదు. అంతకుముందు వచ్చిపోయినవాళ్ళ లెక్కలో మిగిలిన ఏదో అంకెతోనే పొంతన చూసి, మార్కులు వేసి, చక్కగా ప్రింటు తీసి ఇచ్చేది.

మరుసటి ఏడు చంద్రప్ప పెళ్ళి మాట వచ్చింది. పిల్లను వెతకాల్సిన పని లేదు. పెనుకొండలో ఉన్న మేనమామ వెంకటరాముడి కూతురు వసుధ. చిన్నప్పటి నుంచీ అనుకున్నదే, ఇద్దరికీ ఇష్టమే. మా వైపు మేనరికానికి జాతకాలు చూడరు, పుట్టుకతోనే కలిసిన వరసకు మళ్ళీ పొంతన ఏమిటని. తాంబూలాలకు మంచిరోజు అనుకుందామని మామ, అత్త, వసుధ, ఇంకా నలుగురు చుట్టాలు హిందూపురం వచ్చారు. అన్నం పెట్టి మర్యాద చేసి పంపాల్సినవాడు అందరినీ అంగడికి పిలుచుకుపోయాడు. మిషను గొప్ప చూపించాలని సరదా.

మార్కులు పది వచ్చాయి.

వెంకటరాముడు నవ్వేశాడు. “మనిండ్లల్లో ఎవురప్పా మేనరికానికి జాతకం చూసింది? ఆ కాగితం ఆడ పారేయ్.”

పారేసి ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణే కాదు. “ఊరోళ్ళకు ఒక మాట, మనకొక మాటా మామా? పదొచ్చినోళ్ళను నేనే వద్దని పంపిస్తాండా. రేపు నన్నెవురు నమ్ముతారు?” అన్నాడు చంద్రప్ప.

తల్లి సీతమ్మ అందరి ముందరే కొడుకు గడ్డం పట్టుకొని బతిమాలింది. వినలేదు. వసుధ చెప్పులు వేసుకొని బస్టాండు వైపు నడిచింది.

ఊరంతా మెచ్చుకుంది. సొంత పెళ్ళికైనా అబద్ధం ఆడలేదు, అదీ నీతి అంటే అని. నేనూ మెచ్చుకున్నాను. ఆ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత అంగడి ముందు రద్దీ ఇంకా పెరిగింది. ఏడాది తిరక్కుండా చంద్రప్ప గోరంట్ల పిల్లను చేసుకున్నాడు. వసుధకు వచ్చిన సంబంధాలన్నీ ఒకే ప్రశ్న దగ్గర వెనక్కి మళ్ళాయి. సొంత మేనబావే జాతకం చూసి వద్దన్నాడంట, ఏం దోషముందో? ఆమె అంగన్‌వాడీలో పనికి చేరింది. చుట్టాల పెళ్ళిళ్ళలో హారతి పళ్ళెం ఆమె చేతికి ఇవ్వడం మానేశారు.

రెండువేల మూడుకు జాతకాల గది ఇంటర్నెట్ సెంటరైంది. పాత మిషన్లలా నటించే ప్రోగ్రాములు, ఎమ్యులేటర్లంటారు, నెట్‌లో ఊరికే దొరుకుతాయని తెలిసి చంద్రప్ప ముచ్చటపడి ఒకటి దింపుకున్నాడు. పాత క్యాసెట్టును టేపు రికార్డరులోంచి అందులోకి ఎక్కించాడు. తన పాత మెనూ తెర మీద కనబడగానే కళ్ళు చెమర్చాయంట. చేతికి మొదట వచ్చిన తేదీలు కొట్టాడు, తనదీ వసుధదీ.

ఇరవై ఆరు వచ్చింది.

ఎమ్యులేటరే తప్పనుకున్నాడు. దాని సెట్టింగులు వెతికితే, ఏ చిప్పులా నటించాలో ఎంచుకొమ్మని రెండు పేర్లున్నాయి. ఒకటి కాలిపోయిన పాతది. రెండోది నంబరు మధ్యలో అక్షరం ఉన్నది. ఆ రెండోది పెట్టి నడిపాడు. వాళ్ళిద్దరికే ఒకసారి తొమ్మిది వచ్చింది, మధ్యలో వేరే జంటను చూసి మళ్ళీ కొడితే ఇరవై రెండు. ఆ రోజు అంగట్లో రెండోసారి కొట్టి ఉన్నా గుట్టు బయటపడేది. చివరికి పంచాంగం తీసి చేత్తో లెక్క వేశాడు. ఇరవై ఆరే.

అంగన్‌వాడీలో పిల్లలు అన్నం తిని పడుకున్న వేళకు పెనుకొండ పోయాడు. చిప్పు సంగతీ, అంకె సంగతీ అంతా చెప్పి, “నా బుద్ధి గడ్డి తినింది వసుధా” అన్నాడు.

వసుధ గిన్నెలు కడుగుతూనే వినింది. “నాకెందుకు చెప్తాండావు బావా? నాలో ఏ దోషమూ ల్యాదని నాకు ముందే తెల్సు. తెలీనోళ్ళకు చెప్పు. వచ్చే వారం మా తమ్మునికి తాంబూలాలు. అందరూ వస్తారు.”

“అందరి ముందరా?”

“నువ్వు నన్ను వద్దనింది యాడ బావా మరి?”

పోయాడు, అది ఒప్పుకోవాలి. బత్తలపల్లి, కనగానపల్లి చుట్టాలతో వాకిలంతా నిండి ఉంది. చంద్రప్ప లేచి నిలబడ్డాడు. “వసుధ జాతకంలో ఏ దోషమూ ల్యాదు. నా మిషను తప్పు చెప్పింది. నేను ఇంగోసారి చూడకుండానే నమ్మినా. తొంభై ఐదులో చిప్పు మార్చినప్పట్నుంచీ ఆ మిషన్లో చూసినేవన్నీ తప్పే” అన్నాడు. వెంకటరాముడు మేనల్లుడి మొహం చూడలేక నేల చూశాడు. వసుధ అత్త ఒకామె గబగబా వచ్చి హారతి పళ్ళెం వసుధ చేతికి ఇచ్చింది. వసుధ దాన్ని తీసుకొని పక్కన పెట్టేసింది.

అప్పుడు బత్తలపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దామె లేచింది. “ఏమబ్బా, ఆ యేండ్లల్లో మా పాపది నువ్వే చూసినావు. బంగారట్లా పిల్లోడు. పొంతన ల్యాదంటివి, ఇడిసిపెడితిమి. ఇంగోకాడ ఇచ్చినాము. ఆడ పాప సుఖపడ్డేదే ల్యాదు. అదీ తప్పేనా?”

వసుధ లోపలికి పోయి పంచాంగం, కాగితం, పెన్ను తెచ్చి అతని ముందర పెట్టింది. “కూచో బావా. చేత్తో చూసి చెప్పు.”

పెద్దామె ఇద్దరి నక్షత్రాలూ చెప్పింది. ఇన్నేళ్ళైనా మరిచిపోలేదు. చంద్రప్ప చాప మీద కూర్చొని లెక్క మొదలుపెట్టాడు. తక్కువ రావాలని, పద్దెనిమిదికి ఒక్కటైనా తక్కువ రావాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడంట, తర్వాత నాతో చెప్పాడు.

ఇరవై నాలుగు వచ్చింది.

“ఎన్నొచ్చినాయబ్బా?” అని ఆమె అడిగింది.

చంద్రప్ప తల ఎత్తలేదు. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచి నిలబడి ఉన్నారు.