కెనడా అంటే ఇంగ్లీషే అన్నారు

ఆ మాట అన్నది మా మేనేజరు, సింగపూర్‌లో బూన్ లే వైపున్న మా ఆఫీసు క్యాంటీన్‌లో. "కెనడా అంటే ఇంగ్లీషేనయ్యా. ఫ్రెంచ్ ఉంటే ఎక్కడో ఓ మూల ఉంటుంది, ఇక్కడ బిషాన్ పేటలో తెలుగు ఉన్నట్టు." అని నా భుజం తట్టాడు. ఆ తట్టడం కూడా నేను మర్చిపోలేదు.

ఆయనది గుంటూరు. నన్ను సింగపూర్ తీసుకొచ్చింది ఆయనే. నా వర్క్ పాసు కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి నన్ను ఉంచాలన్నా పంపాలన్నా ఆయనే. అప్పటికి కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీలు సరిచేసే వై2కె పని ముగిసింది. అందరూ వెబ్ ప్రాజెక్టుల్లోకి దూకుతున్నారు. పాత కోబాల్ ప్రోగ్రాముల దగ్గర మిగిలిపోయినవాడి గతి ఇక అంతే. నాకు మాత్రం ఆయన స్పష్టంగా మాటిచ్చాడు: కెనడా బీమా కంపెనీ పని కొన్నాళ్ళు చూస్తే వెబ్ పని చేసే జావా టీములోకి పంపిస్తానని.

తీరా చూస్తే ఆ కంపెనీ మాంట్రియల్‌ది. ప్రోగ్రాముల మధ్య రాసుకున్న వివరణలు ఫ్రెంచ్, ఫీల్డుల పేర్లు ఫ్రెంచ్, పొరపాట్ల గురించి వాళ్ళు పంపే మెయిళ్ళు ఫ్రెంచ్. మా టీములో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు మేనేజరు నా బయోడేటా బయటికి తీశాడు.

అందులో నేను అబద్ధమేమీ రాయలేదు. ఇంటర్లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచే. తెలుగు తీసుకుంటే మార్కులు పోతాయని మా కాలేజీ సగం మందికి సంస్కృతం, సగం మందికి ఫ్రెంచ్ అంటగట్టింది. చాలా జవాబులు ఇంగ్లీషులోనే రాసేవాళ్ళం. మిగతావి బట్టీ. నాకు తొంభై దాటాయి. ఆ మార్కుల సంగతి ఆంధ్రాలో చదివిన ఎవరికైనా తెలుసు. మేనేజరుకు మరీ బాగా తెలుసు.

"సార్, మీకు ఇంటర్లో సంస్కృతంలో ఎంత?" అని అడిగాను.

"తొంభై ఎనిమిది. ఏం?"

"ఓ రెండు ముక్కలు మాట్లాడండి, వింటాను."

ఆయన టీ కప్పు కింద పెట్టి నవ్వాడు. "మనకి సంస్కృతంలో ఎవరూ ఫోన్ చెయ్యరు కదయ్యా."

అంతే. నాకు ఫ్రెంచ్ వచ్చని మాంట్రియల్ వాళ్ళకు చెప్పేసి, డిక్షనరీ ఒకటి కొనిచ్చి ఓ మూల సీట్లో కూర్చోబెట్టాడు. నెలలు గడిచాయి. జావా మాట ఎత్తితే "ఫ్రెంచ్ చూసేవాడు దొరకనీ" అనేవాడు. వెతుకుతున్నాడా అంటే లేదు. రాజీనామా చేస్తే పాసు రద్దవుతుంది. ఇంటికి వెళ్ళి ఏం చెప్పుకోను?

పొద్దున్నే మాంట్రియల్‌తో ఫోన్ మీటింగ్ ఉండేది. అక్కడ వాళ్ళకు సాయంత్రం. అటువైపు ఈ పని చూసే పెద్దావిడ మాతో ఇంగ్లీషులో మాట్లాడేది, తనవాళ్ళతో ఫ్రెంచ్‌లో. మీ దేశంలో ఫ్రెంచ్ ఎంతమంది మాట్లాడతారని ఒకసారి అడిగాను. "మా ఊళ్ళో బస్సు డ్రైవరు నుంచి మా ఛైర్మన్ దాకా మాట్లాడతారు. టొరంటో వెళ్తే ఎవరికీ పట్టదు. పాల డబ్బా మీద మాత్రం దేశమంతా రెండు భాషలూ ఉంటాయి" అంది. ఓ మూల అన్నాడు మా మేనేజరు. ఆ మూల మొత్తం నా నెత్తిన పడింది.

ఇక ఆవిడకే నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ మీటింగులో మేనేజరు నా పక్కనే కూర్చుంటాడు. అందుకని ఆయనకు తెలియని భాషలో చెప్పాలి. ఆ వారమంతా బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ వంటింట్లో నిలబడి, డిక్షనరీ చూస్తూ వాక్యాలు కూర్చుకుని, ఇంటర్లో లాగే బట్టీ పట్టాను. మీటింగులో ఒక్క గుక్కలో అప్పజెప్పాను: మేడమ్, నాకు ఫ్రెంచ్ రాదు. వీళ్ళు మీకు అబద్ధం చెప్పారు. దయచేసి వేరే మనిషిని అడగండి.

మేనేజరు పక్కన కూర్చుని ప్రతి మాటకీ తలాడించాడు.

అటునుంచి ఆవిడ పెద్దగా నవ్వి ఇంగ్లీషులో అంది: "ఒక్క తప్పు లేదు. ఇన్నేళ్ళలో టొరంటో వాళ్ళు కూడా మా భాషలో ఇంత పొడుగు మాట మాట్లాడలేదు. ఈయన ఉంటేనే కాంట్రాక్టు పొడిగిస్తాం."

నేను ఇంగ్లీషులో మళ్ళీ చెప్పబోయాను. మేనేజరు నా చేతి మీద చెయ్యి వేసి, "చాలా మొహమాటస్తుడు మేడమ్" అన్నాడు.

నా పాసు రెన్యువల్‌కి ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టాడు. జావా టీములో నాకు ఇస్తానన్న చోటు, మా ఆఫీసులోనే పనిచేసే నా రూమ్మేట్‌కి ఇచ్చాడు. సాయంత్రం రైల్లో వాడు నా పక్కనే పైనున్న పిడి పట్టుకుని వేలాడుతూ నిలబడ్డాడు.

"ఫ్రెంచ్ అంత బాగా ఎక్కడ నేర్చుకున్నావన్నా?"

"నాకు రాదురా."

"సర్లే" అని నవ్వి, వాడు కొత్త ప్రాజెక్టు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.