గాలి పోయినా పట్టని బ్రేకు

2022 ఎండాకాలం. కర్నూలు పక్కన కల్లూరులో నా షెడ్డు. ఎయిర్ బ్రేకుల పనిలో అప్పటికే ఇరవయ్యేళ్లు దాటాయి. ట్రైలర్ బ్రేకు విషయంలో నాకు ఎదురు చెప్పేవాడు ఈ చుట్టుపక్కల లేడని నా ధీమా. ఆ ధీమా ఇప్పటికీ ఉంది, కాకపోతే కొంచెం ఒదిగి ఉంది.

ఆ ఉదయం ఖాదర్‌బాషా ట్రైలర్ లారీలో నాపరాళ్ల లోడుతో వచ్చాడు. బండి సొంతది, తోలేదీ తనే. కడప మీదుగా గువ్వలచెరువు ఘాటెక్కి రాయచోటికి పోవాలి. భార్య షమీమ్, ఐదేళ్ల కూతురు కూడా క్యాబిన్‌లో ఉన్నారు. ఆమె పుట్టిల్లు రాయచోటే.

"ఎర్ర హోసులో గాలి కారుతాండాది అన్నా. బిరీన మార్చియ్యి" అన్నాడు.

ఆ ఎర్ర హోసే లారీ నుంచి ట్రైలర్ ట్యాంకుకు గాలి నింపేది. ట్రైలర్ చక్రాల దగ్గర స్ప్రింగ్ బ్రేక్ ఛాంబర్ అని ఒక డబ్బా ఉంటుంది. అందులోని పెద్ద స్ప్రింగును గాలే అణిచిపెట్టి ఉంచుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు విడివడి చక్రాన్ని పట్టేస్తుంది. ఎక్కుడులో గాలంతా పోయినా లోడు బండి వెనక్కి జారకుండా కాపాడేది అదే.

హోసు మార్చాలని ట్యాంకు ఖాళీ చేశాను. స్ప్రింగులు పడిన చప్పుడు రాలేదు. కిందికి దూరి చూస్తే నాలుగు ఛాంబర్ల వెనకా బోల్టులు పొడుచుకొచ్చి ఉన్నాయి. గాలి లేనప్పుడు చక్రం తిరగాలంటే ఆ బోల్టు బిగించి స్ప్రింగును కట్టేస్తాం. పని కాగానే తీసెయ్యాలి. కొందరు డ్రైవర్లు దారిలో బ్రేకులు పట్టేస్తే బోల్టులు బిగించుకుని అట్లాగే తోలుకుంటూ పోతారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బుద్ధుండాదా నీకు? పెండ్లాం బిడ్డను కూర్చోబెట్టుకొని, బ్రేకును కట్టేసి ఘాటెక్కుతావా? ఈ తెలివి యాడ నేర్చుకున్నావప్పా?" షెడ్డంతా వినేలా కడిగేశాను.

ఖాదర్ మెల్లగా అన్నాడు: "నేను ముట్టుకోలే అన్నా. పోయిన నెల బ్రేకు లైనర్లు మార్చింది నువ్వే గదా. మళ్లా ఎవురూ కిందికి దూరలే."

గుర్తొచ్చింది. చక్రాల డ్రమ్ములు ఊడదీయడానికి ఆ బోల్టులు నా చేత్తోనే బిగించాను. చివర్లో ఫోనొస్తే బయటికి పోయి, తిరిగొచ్చి బోల్టుల సంగతి మరిచి తాళం ఖాదర్ చేతికిచ్చేశాను. కాలితో తొక్కే బ్రేకు బాగానే పడుతుండటంతో అతనికి తేడా తెలియలేదు. నిలిపినప్పుడల్లా చక్రానికి రాయి పెట్టుకోవడం అతని అలవాటు.

"ఈ నెల్లో నాలుగుతూర్లు ఎక్కినాం అన్నా, ఆ ఘాటు" అంది బండి దిగి నిలబడ్డ షమీమ్, కూతుర్ని దగ్గరికి లాక్కుంటూ. ఆమె గొంతులో కోపం లేదు.

"తప్పు నాది ఖాదరూ" అన్నాను. తిట్టింది అందరూ వినేలా కాబట్టి ఇదీ అందరూ వినేలాగే చెప్పాను.

బోల్టులు తీసి, హోసు మార్చి, గాలి నింపి, ట్రైలర్ ట్యాంకును మళ్లీ ఖాళీ చేశాను. నాలుగు స్ప్రింగులూ దబ్బుమన్నాయి. ఖాదర్‌ను ఫస్ట్ గేరులో లాగమన్నాను. ఇంజను మూలిగింది, ట్రైలర్ చక్రం అంగుళం కదల్లేదు. షమీమ్ వంగి ఆ చక్రాన్ని చూసింది.

"ఇప్పుడు ఎక్కచ్చా అన్నా?"

"ఎక్కమ్మా" అన్నాను. గాలి నింపాక కూతుర్ని క్యాబిన్‌లోకి అందించింది ఆమె.

అప్పట్నుంచి ట్యాంకు ఖాళీ చేసి, ఓనరు చేతే బండి లాగించి చూపించందే నా షెడ్డులో తాళం ఇవ్వను. పక్కవాడి పనిని ఎంత అనుమానంగా చూస్తానో, నా పనినీ అంతే అనుమానంగా చూస్తున్నాను.