నిలువెత్తు బంగారంలో అక్క వాటా

నిన్న బెల్లం దుకాణంలో నా మనవడిని తరాజులో ఒక పక్క కూచోబెట్టి, రెండో పక్క బెల్లం ముద్దలు పేరుస్తుంటే నాకు గుండె కలుక్కుమంది. మొక్కు నా బిడ్డది. వీడికి ఒంట్లో బాగైతే మేడారంలో నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కిందట. బెల్లాన్నే మేం బంగారమంటాం. పిల్లగాడు కుదురుగా కూచుంటేనా! వాడు కాళ్ళు ఆడించినప్పుడల్లా దుకాణదారు గొణుక్కుంటూ ఒక ముద్ద తీసి మళ్ళీ పెడుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం వాడి తల్లిని ఇలాగే తూచిన రోజు గుర్తొచ్చి నవ్వు రాలేదు.

అప్పుడు మేం కొత్తవాడలో ఉండేవాళ్ళం. పక్కింటి అక్కా నేనూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూచుని జంపఖానాలు నేసేవాళ్ళం. ఆమె చేతిలోని నూలు నా చేతికి వస్తేనే వరస నిండేది. అక్క నోటికి హద్దుండేది కాదు. నా నడక, నా కూరలు, మా ఆయన మీసాలు, దేన్నీ వదిలేది కాదు. నా బిడ్డకు ఆరేళ్ళప్పుడు జ్వరం ముదిరి, దవాఖానలో రక్తం ఎక్కించాలన్నారు. నాది కలవలేదు, మా ఆయనదీ కలవలేదు. కబురు తెలిసి అక్క మగ్గం మీంచి లేచింది లేచినట్టే వచ్చి, రంగు మరకల చెయ్యి చాపింది. నేనప్పుడేం చేస్తున్నాను? గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని మేడారం తల్లికి మొక్కుతున్నాను.

బిడ్డ బతికింది. తూకం రోజు అక్క తరాజు పక్కన నిలబడి, "ఏ చెల్లె, గా పోరి ఒంట్ల నా రక్తం గూడ ఉన్నది గదనే. గంత బెల్లం నాకు తీసిపెట్టు, చాయల ఏస్కుంట" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "తప్పు తప్పు! దేవుని సొమ్ముతోని పరాచికాలేంది? అంత తల్లి దయ. నీదేమున్నది?" అని లెంపలేసుకున్నాను. అక్క మొహం చిన్నబోయింది. మర్నాడు మగ్గం మీద నూలు చేతులు మారింది గానీ మాట మారలేదు. కొన్నాళ్ళకు మేం కాజీపేటకు ఇల్లు మారాం. పోయి ఒక మాట చెప్పి రావాలని అనుకుంటూనే ఉన్నాను. మేడారానికి మాత్రం ఏ జాతరా తప్పలేదు, సిగ్గులేని దాన్ని.

ఈసారైనా ఆ మాట అనేసి రావాలని, నిన్న ఒక బెల్లం ముద్ద విడిగా కట్టించుకుని ఆటో ఎక్కాను. అక్క గడపలోనే కూచుని ఉంది. ఏడాదిగా ఎవరినీ గుర్తుపట్టడం లేదని కోడలు చెప్పింది. "అక్కా, నేనే, నీ మగ్గం జోడీని" అని ముద్ద చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుంది.

"మేడారం బంగారమా బిడ్డా? సల్లగుండు. అంత తల్లి దయ."

"తల్లి కాదక్కా, నువ్వు. నా బిడ్డను బతికిచ్చింది నువ్వు."

అక్క బెదిరిపోయి చెయ్యి లాక్కుంది. "తప్పు తప్పు! గట్ల అనద్దు" అంటూ లెంపలేసుకుంది.

ఆ లెంపలు నేను నేర్పినవే. మొక్కు కోసం తల్లి ఎన్నేళ్ళైనా ఆగుతుంది. ఒక్క మాట కోసం అన్నేళ్ళు ఆగడం మనిషి వల్ల ఎక్కడవుతుంది?