మామ అలికిన ఇనుప పొయ్యి

మామ పోయాడు. పొద్దున యజమాని బండి తుడుస్తుంటే మామ కొడుకు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, బాపు పోయిండు. తెల్లారంగనే. ఊపిరి అందలే." అంతే. వెనకాల ఆడవాళ్ళ ఏడుపు. రెండోసారి పెట్టుకుని విన్నాను. చేతిలో ఉన్న తడిగుడ్డ సౌదీలోని ఈ హాయిల్ ఊరి చలికి అట్టముక్కలా బిగుసుకుపోయింది.

మధ్యాహ్నానికల్లా మా జగిత్యాల వాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. "మంచి మనిషి." "ఆత్మకు శాంతి కలగాలి." పెట్టినవాళ్ళలో సగం మందికి మామ ముఖం కూడా తెలియదు. నాకు ఒళ్ళు మండింది. మంచి మనిషి అనే మాట ఎవరికైనా అతుకుతుంది, చచ్చిన ప్రతివాడికీ అతికిస్తారు. అందుకే ఇది రాస్తున్నాను. రాతలో కోపం కనిపిస్తే మన్నించండి, అది మీ మీద కాదు.

మామ నాకు చుట్టం కాదు. పక్క ఊరి తాపీ మేస్త్రీ. నేను ఈ దేశంలో దిగిన రోజు తన పక్క మంచం చూపించి, "అల్లుడా, ఈడ ముక్కు మూసుకొని పని చెయ్యాలె, నోరు మూసుకొని బువ్వ తినాలె. రెండూ ఒక్కసారి మూసుకుంటే సస్తవు, సూస్కో" అన్నాడు. అప్పటి నుంచి ఆయన మామ, నేను అల్లుణ్ణి. మా కఫీల్‌కు, అంటే మమ్మల్ని వీసా మీద పెట్టుకున్న అరబ్బు యజమానికి, ఇళ్ళు కట్టే చిన్న కంపెనీ ఉండేది. నితాకాత్ చట్టం వచ్చాక, సౌదీలను పనిలో పెట్టుకోలేదని ఆ కంపెనీని ఎర్ర జాబితాలో వేశారు. ఆ వెనకే పరాయి దేశపు పనివాడికి తలకింత అని సర్కారు లెవీలు పడ్డాయి. కఫీల్ చాలామందిని ఎక్కడివాళ్ళను అక్కడ వదిలేశాడు. నా ఇకామాకు, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డుకు, మాత్రం డబ్బు కట్టాడు, బండి నడపడానికి ఎవడో ఒకడు కావాలి కదా. మామ ఇకామా గడువు దాటిపోయింది. అడిగినప్పుడల్లా కఫీల్ "బుక్రా" అనేవాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎన్నడూ రాదని ఇక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు.

లెవీ కట్టడానికి చేయి రాని ఆ పెద్దమనిషికి, ఊరి బయట ఇస్తిరాహా కట్టుకోవడానికి మాత్రం చేయి వచ్చింది. ఇస్తిరాహా అంటే సెలవు రోజున చుట్టాలతో కూర్చునే తోట ఇల్లు. గోడలన్నీ మామ చేతి పనే. సౌదీ అంటే ఎండలే అనుకుంటారు మనవాళ్ళు. చలికాలంలో హాయిల్ వచ్చి చూడమనండి, పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. ఆ ఇంటికని కఫీల్ ఒక దఫాయా కొన్నాడు, కట్టెలు వేసి ఇల్లు వెచ్చబెట్టే ఇనుప పొయ్యి. దుకాణంలో ఉన్న వాటిలో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే చవకది. ఇల్లంతా వెచ్చగా ఉంటుందని పెట్టె మీద బొమ్మ కూడా ఉంది. బొమ్మలో ఒక తెల్ల కుటుంబం పొట్టి చేతుల చొక్కాలు వేసుకుని నవ్వుతోంది.

నలుగురం కలిసి మోసి లోపల పెట్టాం. నా గుండెదాకా ఉంది. తట్టి చూస్తే నూనె డబ్బాను తట్టినట్టు మోగింది. మామ చుట్టూ తిరిగి చూసి, "అగ్గువకొచ్చిన బర్రె పాలియ్యది అల్లుడా, తంతది" అన్నాడు.

తన్నింది. మొదటి రోజే ఇనుము మీది నల్లరంగు కాలి వాంతి వచ్చే కంపు కొట్టింది. వారం తిరక్కుండానే తలుపు అద్దం అడ్డంగా పగిలింది. తలుపు వంకరపోయి మూతపడేది కాదు. అతుకుల్లోంచి పొగ వచ్చేది, పైన గొట్టం నుంచి తారు లాంటి జిడ్డు బొట్లు బొట్లుగా తివాచీ మీద పడేది. ఎంత కట్టె వేసినా తినేది, ఎదురుగా కూర్చున్నవాడి మోకాళ్ళు కాలేవి, వీపు గడ్డకట్టేది. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు. పోనీ కట్టె అయినా మంచిదా? తుమ్మ కట్టె కొంటే ఖర్చని, పని జరిగే చోటు నుంచి విరిగిన సెంట్రింగ్ చెక్కలు తెప్పించేవాడు కఫీల్. కాంక్రీటు అంటకుండా పాత ఇంజన్ ఆయిల్ పూసిన చెక్కలు. అవి కాలుతుంటే వచ్చే వాసన ఎన్నిసార్లు ఉతికినా బట్టలను వదిలేది కాదు. ఆ పొగలో కూర్చుని వాళ్ళు ఖర్జూరాలు తినేవారు, మామ మేకులు పీకి చెక్కలు అందించేవాడు.

దుకాణంవాడు వెనక్కి తీసుకోనన్నాడు. కఫీల్ కోపం మామ మీదికి మళ్ళింది. "నువ్వు సరిగ్గా పెట్టలేదు. నువ్వేం మేస్త్రీవి?" అన్నాడు, అంత మందిలో. మామకు ఏ తిట్టయినా పట్టదు గానీ మేస్త్రీతనాన్ని అంటే మాత్రం పడడు. మర్నాడు పక్క తోటలోని గొర్రెల దొడ్డి నుంచి సంచెడు పెంటికలు తెచ్చాడు. తోట మట్టి జల్లించి, గడ్డి తుంచి వేసి, కాళ్ళతో తొక్కాడు.

"మామా, ఏం జేస్తున్నవ్?" అన్నాను.

"పొయ్యి అలుకుతున్న. మా అమ్మ ఎన్నడన్న అలకని పొయ్యి ముట్టిచ్చిందా? ఇనుముదైతేంది, మట్టిదైతేంది, పొయ్యి పొయ్యే."

"గిది ఆవు పెండ కాదే!"

"గొర్రె గడ్డి తింటలేదా?"

ఇనుప పొయ్యిని మట్టీ పెంటికలతో అలికే ఆలోచన ప్రపంచంలో ఇంకెవరికి వస్తుంది చెప్పండి? మా ఊళ్ళవాళ్ళకే రావాలి. ముగ్గుపిండి దొరకలేదు గానీ, దొరికితే ముగ్గు కూడా పెట్టేవాడు. శుక్రవారం చుట్టాలు వచ్చి కూర్చున్నారు. పొయ్యి రాజుకుంది. ముందు సన్నగా, తర్వాత బలంగా, గొర్రెల దొడ్డి మొత్తం లేచి వచ్చి ఆ గదిలో పడుకున్నట్టు కంపు. పెద్దవాళ్ళు తలగుడ్డల కొసలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తారు. ఒకాయన చెప్పులు వదిలేసి మరీ పోయాడు. నేను వంటగదిలో దూరి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను. మామ మాత్రం పొయ్యి ముందు నుంచి కదల్లేదు. పచ్చిది కాలి వాసన పోయాక గది చూస్తే ఏముంది, పొగ లేదు. అతుకులన్నీ మూసుకుపోయాయి. మట్టి వేడిని పట్టి ఉంచి గది మూల మూలకూ వెచ్చదనం వచ్చింది. చుట్టాలు ఒక్కొక్కరే లోపలికి వచ్చి గోడలు తాకి చూశారు. కఫీల్ మామ భుజం తట్టాడు.

ఆ తట్టుడే మామ ప్రాణం మీదికి తెచ్చింది. ఇనుము వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, మట్టి బీటలిస్తుంది. ప్రతి వారం గీకి మళ్ళీ అలకాలి. అది ఇంకెవరి చేతా కాలేదు. కఫీల్ తమ్ముడు అలికితే పెచ్చులు ఊడి బిర్యానీ పళ్ళెంలో పడ్డాయి. దాంతో మామ తాపీ పని పోయి, పొయ్యి పనే ఆయన ఉద్యోగం అయింది. పొయ్యి పక్కనే ఉన్న మూల గదిలో, పొగ ఎక్కువగా చేరే చోట, ఆయనకు మంచం వేశారు.

మామ ఛాతీ అప్పటికే మంచిది కాదు, సిమెంటు దుమ్ము తిన్న ఛాతీ. దగ్గు పట్టుకుంది. సాయంత్రం ముక్కు చీదితే చేతిగుడ్డ నిండా నల్లగా వచ్చేది. దాన్ని నాకు చూపించి, "సూడు, కఫీల్ కాటుక పెట్టిండు" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు, రోత పుట్టేది, ఆ గుడ్డ మీద కాదు. ఇకామా లేదు గనక ఆస్పత్రికి పోవడానికి భయం. మందుల దుకాణంలోని ఈజిప్టు మనిషి వీపు మీద చెవి ఆనించి విని, "పొగకు దూరంగా పో. నీ దేశం పో" అన్నాడు.

మామ కోరిక కూడా అదే. కఫీల్ చేత ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి పోవాలి, ఊపిరి ఉండగా. పోయేటప్పుడు వేసుకోవడానికి కొన్న లేత నీలం చొక్కా ఒకటి ఉండేది. దాన్ని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు విప్పి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పొగ వాసన వస్తే తిట్టుకుంటూ ఉతికి, ఆరేసి, మళ్ళీ చుట్టేవాడు. ఒక్కసారీ ఒంటి మీద వేసుకోకుండానే ఆ చొక్కా వెలిసిపోయింది.

"ఎగ్జిట్ ఇవ్వండి సార్" అంటే కఫీల్, "చలికాలం పోనీ, ఇన్‌షా అల్లా" అనేవాడు. చలికాలం పోతే, లెవీ బకాయి కట్టకుండా ఎగ్జిట్ రాదు, చూద్దాం అనేవాడు. చూస్తూ ఉండగానే మళ్ళీ చలికాలం. "నా పెండ నా మెడకే సుట్టుకున్నది అల్లుడా" అనేవాడు మామ. "అలకకపోతే పొయ్యిని పారేద్దురు, నన్ను గూడ పారేద్దురు. సక్కగ ఇంటికి పోదును. చేసుకున్నోళ్ళకు చేసుకున్నంత మహాదేవ."

రెండో చలికాలం నడిమధ్యన, ఎవరో చెబితే ఇంటర్నెట్ దుకాణానికి పోయి ఇకామా నంబరు కొట్టించి చూశాం. దుకాణం కుర్చీలో ఉన్న హైదరాబాదీ భాయ్ తెరను చూసి, మామను చూసి, మళ్ళీ తెరను చూశాడు. "చాచా, మీ మీద హురూబ్ ఉంది" అన్నాడు.

హురూబ్ అంటే పారిపోయినవాడు అని. పనివాడు పారిపోయాడని సర్కారుకు రాసిస్తే ఆ మనిషి లెక్క కఫీల్ మెడ మీద ఉండదు, లెవీ కట్టక్కర్లేదు. మామ మీద ఎప్పుడో వేసవిలోనే రాసి పడేశాడు. రాశాక కూడా ప్రతి శుక్రవారం ఆయన అలికిన పొయ్యి ముందే కూర్చుని గహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగాడు, భుజం తట్టాడు, ఇన్‌షా అల్లా అన్నాడు. ఛీ! ఇన్నేళ్ళు గడిచినా ఆ మనిషి ఎంగిలి కప్పు కడిగినప్పుడల్లా నాకు చేతులు కడుక్కోబుద్ధి అవుతుంది.

దారంతా నేనే ఆవేశపడి బూతులు తిట్టాను. ఇస్తిరాహా చేరాక చూస్తే చుట్టాలు వచ్చి ఉన్నారు, గొర్రెతోలు అంగీలు కప్పుకుని. పొయ్యి చల్లగా ఉంది. కఫీల్ "యల్లా, ముట్టించు" అన్నాడు. మామ తన గదిలోకి పోయాడు. నీలం చొక్కా వేసుకుని, సంచి భుజాన పెట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాడు కఫీల్.

మామ నా వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు. "చెప్పు అల్లుడా. నేను పారిపోయిన్నని ఆయనే రాసిచ్చిండట. పెద్దమనిషి రాసింది అబద్ధం చెయ్యద్దు గద. అందుకని పోతున్న."

నేను అరబ్బీలో చెప్పాను. ఒక్క ముక్క మింగకుండా, చుట్టాలందరికీ వినపడేలా చెప్పాను. ఒక ముసలాయన గహ్వా కప్పు కింద పెట్టి, కఫీల్ ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపు ముందు కఫీల్ మామను ఆపలేకపోయాడు. మామ గేటు దాటి, పట్టపగలు, రోడ్డు మధ్య నుంచి నడిచి పోయాడు. పారిపోయేవాడు అట్లా నడవడు. నాలుగడుగులకు ఒకసారి ఆగి దగ్గుతూ పోయాడు.

హఫర్ అల్ బాతిన్ అనే ఊళ్ళో మనవాళ్ళ గదిలో తలదాచుకున్నాడు. కాగితాలు లేనివాళ్ళను శిక్ష లేకుండా పంపేసే ఆమ్నెస్టీ వచ్చినప్పుడు, ఎంబసీ నుంచి దేశం దాటే ఔట్‌పాస్ తీసుకుని ఇల్లు చేరాడు. అక్కడ కొన్నేళ్ళు బతికాడు. బతికాడు అంటే కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఫోన్ చేస్తే నా గురించే అడిగేవాడు. "నువ్వు అలకటం నేర్చుకున్నవా ఏంది? నేర్చుకోకు. నేర్చుకున్నా చెప్పకు." నాకు తండ్రి లేడు. ఆ మాట చెప్పే మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే ఉండేవాడు.

ఇవాళ సాయంత్రం కఫీల్‌తో చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ పాత పొయ్యి తుప్పుపట్టి కూలిపోయి, దాని చోట ఇంకొకటి వచ్చింది, ఇదీ పెద్దదే, ఇదీ చవకదే. దాని తలుపుతో కుస్తీ పడుతున్నాడు. "మామ చచ్చిపోయాడు" అన్నాను. తల ఎత్తి, "అయ్యో. మంచి మనిషి" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడేమో, కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత అడిగాడు, "ఆ మట్టి ఎలా కలపాలో నీకు నేర్పాడా?"

నేర్పాడు. మట్టి ఎంత జల్లించాలో, పెంటికలు ఎన్నాళ్ళు నానాలో, ఇనుము ఏ పాటి గోరువెచ్చగా ఉన్నప్పుడు చేయి వేయాలో అంతా నాకు తెలుసు.

"తెలియదు సార్" అన్నాను.

చుట్టాల బండ్లు గేటు దగ్గర ఆగిన చప్పుడైంది. కఫీల్ హడావుడిగా సెంట్రింగ్ చెక్కలు కుక్కి, అగ్గిపుల్ల గీసి, మోకాళ్ళ మీద కూర్చుని ఊదాడు. పొగ గుప్పుమని ముఖం మీదికి వచ్చింది. దగ్గి, మళ్ళీ ఊదాడు. కళ్ళు ఎర్రబడి, నీళ్ళు బుగ్గల మీదుగా నెరిసిన గడ్డంలోకి కారుతున్నాయి. మామ పోయిన రోజున, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, నేను ఆ కన్నీళ్ళను కదలకుండా చూశాను.