నాలుగు తలుపులు, ఒక డిక్కీ

కడియం నర్సరీల్లో మొక్కల కవర్లకు మట్టి నింపే పని మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. ఏసురాజు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని వసారాలో మంచం మీద వాలాడంటే, మళ్లీ లేవడం ప్రభువు దయ. అరవై మూడేళ్ల వయసుకు అది పెద్ద పనేమీ కాదని అందరూ అంటారు. అనేవాళ్లు ఒక్కరోజు వంగి నింపితే తెలుస్తుంది.

అంతకుముందు ముప్పై అయిదేళ్లు అతను కార్లకు టింకరింగ్ చేశాడు. గుద్దుకుని సొట్టలు పడ్డ రేకును సుత్తితో కొట్టి కొట్టి మళ్లీ కారు రూపానికి తెచ్చే పని అది. ఇప్పుడు షోరూముల్లో సొట్ట పడితే రేకే మార్చి పారేస్తున్నారు. ఇంక సొట్ట తీసేవాడితో ఎవరికి పని? రెండేళ్ల కిందట షెడ్డు మూసేశాడు. ఆ షెడ్డులో ఇప్పుడు నర్సరీ వాళ్లు ఖాళీ కుండీలు పేర్చుకుంటున్నారు. అతను సుత్తి వదిలేశాడు గానీ సుత్తి అతన్ని వదల్లేదు. కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోయాయి. గ్లాసు పట్టుకుంటే సగం టీ లుంగీయే తాగేది.

ఆ రోజు కునుకు పడుతుండగా వాకిట్లో స్కూటీ ఆగింది.

"బాబాయ్‌గారూ, ఉన్నారాండీ?"

టాక్సీ చంద్రరావు గారి అమ్మాయి సూర్యకళ. ద్రాక్షారామంలో టీచరు. ఆ గొంతు వినగానే ఏసురాజుకు నిద్ర ఎగిరిపోయింది. లేచి కూర్చున్నాడు గానీ ఆమె ముఖంలోకి సూటిగా చూడలేదు.

"రా అమ్మా. నాన్నగారెలా ఉన్నారు?"

"అలాగే ఉన్నారండి. కుడివైపు కదలదు, మాట రాదు. ఎడమ చేత్తో చిన్నచిన్న వస్తువులు పట్టుకోవడం అలవాటు చెయ్యమని ఫిజియోథెరపీ ఆయన చెప్పారు. బంతి ఇచ్చాను, విసిరేశారు. పూసలిచ్చాను, వాటి వంక చూడలేదు. ఆఖరికి ఇది తెప్పించాను."

కవర్లోంచి జానెడు పొడవున్న ప్లాస్టిక్ కారు తీసి మంచం మీద పెట్టింది. తెల్ల అంబాసిడరు. చక్కగా ఉంది. ముందు గ్రిల్లు, గుండ్రటి లైట్లు, వెనక ఎత్తుగా డిక్కీ.

"ఇది చూడగానే నాన్న ముఖం ఎలా వెలిగిందో చెప్పలేనండి. కానీ తలుపులు తెరుచుకోవు. ఉట్టి గీతలే. రోజంతా ఆ డ్రైవరు తలుపు దగ్గర గోటితో గీకుతూ కూర్చుంటారు. ఇది బొమ్మ నాన్నా, రావు అంటే నావైపు కోపంగా చూస్తారు. గోరు చిట్లి రక్తమొచ్చినా మానరు. నిన్న ఏడ్చేశారు." ఆమె కారును అతని వైపు జరిపింది. "మీరు తలుపులు వచ్చేలా చెయ్యగలరాండీ? డిక్కీ కూడా?"

చెయ్యలేనమ్మా అని చెప్పి పంపేస్తే సరిపోయేది. చెయ్యి చూపిస్తే ఆమే అర్థం చేసుకునేది. కానీ ఆ ఇంటి మనిషికి "లాభం లేదు" అని ఇంతకుముందు ఒకసారి చెప్పాడు. ఆ మాట అతని గొంతులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

"ఉంచమ్మా, చూస్తాను" అన్నాడు.

ఆ ముల్లు సంగతి ఇది. చంద్రరావు గారికి తెల్ల అంబాసిడరు టాక్సీ ఉండేది. ముప్పై ఏళ్లు నడిపాడు. కొత్త దంపతులను దర్శనానికి కోరుకొండ కొండ కిందికి చేర్చినా, పురిటినొప్పుల మనిషిని కాకినాడ ఆసుపత్రికి తోలినా ఆ బండే. ఎక్కడ ఏ గేదె కొమ్ము తగిలినా నేరుగా ఏసురాజు షెడ్డుకు వచ్చేవాడు. ఇంకొకరి చెయ్యి ఆ బండి మీద పడనిచ్చేవాడు కాదు. ఏసురాజు సుత్తి దెబ్బ పక్కన చంద్రరావు గారి కబుర్లు. పని అయ్యాక ఇద్దరికీ చెరో టీ.

షెడ్డు మూసేసే ఏడాది, ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లే ముందు ఒకసారి చూడమని బండి తెచ్చాడు. ఏసురాజు కిందికి దూరాడు. అడుగు రేకు తుప్పు పట్టి రాలిపోతోంది. తలుపులను మోసే స్తంభాల మొదళ్లను తుప్పు తినేసింది. నలభై రోజుల పని. పాత రేకు కోసి, కొత్తది వంచి, అంగుళం అంగుళం వెల్డింగ్ చెయ్యాలి. అంతకంటే అన్యాయమైన బళ్లను అతను బతికించాడు. చెయ్యదగ్గదే. కానీ ఆ క్షణాన, నేల మీద వెల్లకిలా పడుకుని, తుప్పు కళ్లలో పడుతుంటే, అతనికి ఒక్కటే అనిపించింది. ఇక నావల్ల కాదు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "లాభం లేదండి చంద్రరావుగారూ. తుక్కుకి ఇచ్చేయండి" అన్నాడు.

చంద్రరావు గారు అతన్ని కాసేపు చూసి, "నువ్వు చెప్తే అంతే మరి ఏసురాజూ" అన్నాడు. మూడో రోజు తుక్కు లారీ వచ్చి బండిని తీసుకుపోయింది. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు. ముప్పై ఏళ్లు కాపాడిన బండికి ఒక్క మాట చాలింది. మూడు నెలలు తిరక్కుండానే చంద్రరావు గారు పెరట్లో పడిపోయాడు. బీపీ అని డాక్టర్లు అన్నారు. ఏసురాజు నమ్మలేదు. నావల్లే పడిపోయాడు అనుకున్నాడు. భార్య సంపూర్ణమ్మకు కూడా చెప్పుకోలేదు. చూడటానికి ఒకేఒక్కసారి వెళ్లాడు. తర్వాత ఆ వీధి వైపు పోవాల్సొస్తే కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాడు.

మర్నాటి నుంచి నర్సరీ నుంచి రాగానే మంచానికి బదులు పీట పట్టాడు. కారు కింద నాలుగు స్క్రూలు విప్పితే పైకప్పు, పక్కలు ఒక డొల్లలా ఊడొచ్చాయి. తలుపు గీత మీద బ్లేడు వెనకంచుతో గీయాలి. ముందంచుతో గీస్తే దారి తప్పి పక్కకు పోతుంది. ఒకే గీత మీద మెల్లగా వందసార్లు, రెండు వందలసార్లు. చెయ్యి వణుకుతోంది కాబట్టి మణికట్టును తువ్వాలుతో పీటకు కట్టేసుకున్నాడు.

"ఏంటండీ ఈ అవతారం? కారుకు తలుపులు కోస్తున్నారా, మీకే సంకెళ్లు వేసుకుంటున్నారా?" అంది సంపూర్ణమ్మ. అన్నదే గానీ వచ్చి ఎదురుగా కూర్చుని డొల్లను కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

వారం పట్టింది నాలుగు తలుపులూ, డిక్కీ మూతా ఊడిరావడానికి. ఆదివారం గుడి నుంచి వచ్చాక కూడా అదే పని. గుండుసూదులను కొక్కేల్లా వంచి తలుపులకు అంటించాడు. అయిపోయిన పెన్ను రీఫిల్‌ను చిన్న చిన్న ముక్కలుగా కోసి లోపల స్తంభాలకు అతికాడు. రీఫిల్ ముక్కలో కొక్కెం తిరుగుతుంది. తలుపుకు అదే బందు. తలుపు లోపలికి జారిపోకుండా అంచు వెనక సన్నని ప్లాస్టిక్ పట్టీ. గోరు దూరడానికి హ్యాండిలు కింద ఆకురాయితో చిన్న సందు. ఈ ఉపాయాలేవీ ఎవరూ నేర్పలేదు. తలుపన్నాక ఏం కావాలో అతని చేతులకు తెలుసు.

తెలిసినదే కొంప ముంచింది కూడా. ముందుగా డ్రైవరు తలుపు బిగించాడు. మూస్తే మూసుకోదు. పైన కప్పు అంచుకు తగిలి ఆగిపోతోంది. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే విషయం బోధపడింది. తలుపును ఉండాల్సిన దానికంటే వెంట్రుకవాసి ఎత్తులో వేలాడదీశాడు. ఇనప తలుపు బరువుకు వారం తిరిగేసరికి కిందికి దిగుతుంది. అందుకని టింకరు ఎప్పుడూ కాస్త పైకే బిగిస్తాడు. దిగాక సరిగ్గా కూర్చుంటుంది. ముప్పై అయిదేళ్లు చేసిన పనే చెయ్యి తనంతట తాను చేసేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, పనితో వచ్చిన బుద్ధీ అంతే.

ఇంకా విడ్డూరం ఏంటంటే, ఆ సంగతి తెలిశాక కూడా తలుపు తెరిచిపెట్టి నాలుగు రోజులు అలాగే వదిలేశాడు. దిగుతుందేమోనని.

"దాని బరువెంతండీ దిగడానికి? అగ్గిపెట్టె మూతంత లేదు" అంది సంపూర్ణమ్మ. "ప్లాస్టిక్ బొమ్మ అలిసిపోయి కిందికి జారుతుందా, మనలాగ?"

అతనికి నవ్వొచ్చింది. వెంటనే నీరసం వచ్చింది. బందు ఊడదీసి మళ్లీ వెయ్యాలి. గట్టిగా అతుక్కుంది. పీకితే సన్నటి స్తంభం విరగొచ్చు. విరిగితే మొత్తం పోయినట్టే. నడుము లాగుతోంది. వేళ్లు మాట వినడం లేదు. బయట ఎండ మండిపోతోంది. రేపు మళ్లీ పొద్దున్నే మట్టి కవర్లు. డ్రైవరు తలుపు మూసి అంటించేసి, మిగతా మూడూ, డిక్కీ వచ్చేలా చేసి ఇచ్చేస్తే చాలదా? పక్షవాతం మనిషికి ఏ తలుపైతేనేం?

"ఇంక లాభం లేదు" అని పైకే అన్నాడు.

అని ఉలిక్కిపడ్డాడు. అదే మాట. అదే గొంతు. ఆ రోజు బండి కింద నుంచి లేచి వచ్చిన మనిషే మళ్లీ మాట్లాడాడు. చంద్రరావు గారు గీకి గీకి గోరు చిట్లించుకున్నది ఏ తలుపు కోసమో గుర్తొచ్చింది. ఏసురాజుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బ్లేడు వేడి చేసి తీసుకురా" అన్నాడు భార్యతో.

కాల్చిన బ్లేడు అంచుతో జిగురును కొంచెం కొంచెం కరిగిస్తూ బందు విడదీశాడు. స్తంభం ఒకచోట చిట్లింది. విరగలేదు. దానికి ఎమ్‌సీల్ అద్ది, ఒకరోజు ఆరనిచ్చి, ఈసారి తలుపును సరిగ్గా దాని చోటే వేలాడదీశాడు. వేసేటప్పుడు చెయ్యి పైకే పోతానంది. చిన్నపిల్లాణ్ణి కసిరినట్టు కసిరి కిందికి దించాడు. టక్కుమని మూసుకుంది.

మిగతా మూడింటికీ, డిక్కీకీ ఇంకో పది రోజులు పట్టింది. నేను ఇచ్చేసి వస్తానండీ అంది సంపూర్ణమ్మ, అతని ముఖం చూసి. వద్దన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక కారును తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాడు. ఈసారి కాలవ గట్టు మీదుగా కాకుండా నేరుగా వీధిలోంచే నడిచి వెళ్లాడు.

చంద్రరావు గారు అరుగు మీద చేతుల కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఏసురాజును చూసి నోరు ఒక పక్కకు కదిలించాడు. నవ్వే అయుండాలి. సూర్యకళ తండ్రి ఒళ్లో చెక్క పలక పెట్టింది. ఏసురాజు దాని మీద కారు పెట్టాడు.

ఎడమ చెయ్యి మెల్లగా కదిలింది. చూపుడువేలు తిన్నగా డ్రైవరు తలుపు దగ్గరికే పోయింది. మొదటిసారి గోరు జారింది. ఏసురాజు పలక కదలకుండా అంచు పట్టుకున్నాడు. రెండోసారి హ్యాండిలు కింద సందులోకి గోరు దూరింది. తలుపు తెరుచుకుంది.

చంద్రరావు గారు నవ్వలేదు. తలుపు మూశాడు. తెరిచాడు. మూశాడు. తర్వాత వెనక తలుపు, ఆ పక్కవి రెండూ, ఆఖరికి డిక్కీ. డిక్కీ మూత ఎత్తి లోపలికి వంగి చూశాడు. ఎవరి పెట్టె అయినా మరిచిపోయి దిగారేమోనని ప్రతి ట్రిప్పు చివరా చూసుకునే మనిషి. ఆ చూపు చూసేసరికి ఏసురాజు ఆపుకోలేకపోయాడు.

"చంద్రరావుగారూ, మీకో మాట చెప్పాలండి. ఆ రోజు నేను అబద్ధం చెప్పానండి. బండి బాగయ్యేదే. నలభై రోజులు కూర్చుంటే అయ్యేది. నాకే ఓపిక లేక, లాభం లేదని చెప్పేశాను. మీ బండిని తుక్కు చేసింది తుప్పు కాదండి, నేనే."

చంద్రరావు గారి వేలు డిక్కీ మీదే ఆగిపోయింది. ఏదో అనబోయాడు. గొంతులోంచి గరగరమని శబ్దం తప్ప మాట రాలేదు. కూతురి వైపు చూశాడు. మళ్లీ చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు.

సూర్యకళ తండ్రి కుర్చీ పక్కన కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"నాన్నకి ఆ రోజే తెలుసు బాబాయ్‌గారూ. బండి బాగవుతుందని తెలుసండి. ముప్పై ఏళ్లు నడిపిన మనిషికి తెలీదా? ఇంకెవరికైనా చూపిద్దామని అమ్మ అంది. నాన్న ఒప్పుకోలేదు. ఆ బండి మీద ఏసురాజు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు అన్నారు. ఏసురాజుకేమో ఓపిక లేదు, కింద నుంచి లేవడానికి రెండుసార్లు బంపరు పట్టుకున్నాడు, నేను చూశాను, నా బండి కోసం ఆ మనిషిని చంపుకుంటానా అన్నారు. మర్నాడు తుక్కు వాళ్లకి ఫోన్ చేసింది నాన్నేనండి."

చంద్రరావు గారు ఎడమ చెయ్యి కారు మీంచి తీసి ముందుకు చాపాడు. వణుకుతున్న ఏసురాజు కుడిచేతిని వెతికి పట్టుకుని పలక మీద ఆనించి, దాని మీద తన చెయ్యి పెట్టి ఒత్తాడు. వణుకు ఆగేదాకా అలాగే ఉంచాడు. ఏసురాజు అరుగు మీద కూలబడి, వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాడు.