స్టీరింగ్‌లో చేరిన గాలి

మొన్న శనివారం, మా పాత మోటారు బోటును కొన్నవాళ్లకు అప్పగించే ముందు స్టీరింగ్ వదులు తీయించుదామని పక్క ఊరు రెడ్‌మండ్ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే, ఆయన ఒక పంపు తగిలించి, నేనూ మా వారూ రేవు గట్టు మీది బెంచీ మీద కాఫీ ముగించేలోపు, ఎవరితోనూ మాటా పలుకూ లేకుండా ఒక్కడే పని కానిచ్చేశాడు. మా రోజుల్లో అది ఇద్దరి పని.

బోటు కొన్న కొత్తలో, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారిని సరస్సు మీద తిప్పుతూ నేను నడుపుతుంటే, ఎంత తిప్పినా స్టీరింగ్ మాట వినక బోటు వెళ్లి రేవు గట్టుకు కొట్టుకుంది. ఆవిడ ఒళ్లోని పులిహోర డబ్బా నీళ్లపాలైంది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు గానీ, మా వారు మాత్రం ఆవిడ ముందే నాకు నడపడం రాదని తేల్చేశారు. స్టీరింగ్ వదులుగా ఉందని నేను మొత్తుకుంటే వింటేనా? బోటు నడపడమంటే ప్రాణమైనా, ఇక స్టీరింగ్ ముట్టనని ఒట్టు పెట్టుకుని ఆయనతో మాటలు మానేశాను.

బాగుచేసేదాకా ఎక్కనని అత్తగారు భీష్మించుకోవడంతో ఆయన పనిలోకి దిగక తప్పలేదు. ఆ స్టీరింగ్ తిప్పితే గొట్టాల్లోని ఆయిల్ వెనక ఇంజన్‌ను అటూ ఇటూ తోస్తుంది; ఆయిల్‌లో గాలి చేరితే ఊరికే తిరుగుతుంది. గాలి పోవాలంటే ఒకరు ముందువైపు ఆయిల్ తరగకుండా పోస్తూ స్టీరింగ్ తిప్పాలి, ఇంకొకరు వెనక మర వదులుచేసి బుడగలు చూడాలి. మాటలు లేవు కనుక వెనక నేను రెంచితో తట్టడం, ముందు ఆయన తిప్పడం. బుడగలు బుసబుసా వస్తుంటే, చూశారా అనాలని నాలుక ఒకటే దురద. తగ్గిన బుడగలు మళ్లీ మొదలయ్యేసరికి ఉండబట్టలేక, “ఏమండీ, ఆయిల్ పోస్తున్నారా అసలు?” అన్నాను.

“అయిపోయి చాలాసేపైంది. నువ్వు మాట్లాడవుగా, ఎవరికి చెప్పను?” అన్నారు.

గట్టు మీద అత్తగారు పడీపడీ నవ్వారు. కొత్త ఆయిల్ తెచ్చి మొదటి నుంచీ చేశాం, ఈసారి నోళ్లు విప్పి. స్టీరింగ్ బిగియగానే ఆయన లేచి సీటు నాకిచ్చారు. తప్పు నాది కాదని మాత్రం అనలేదు.

మొన్న మెకానిక్ వెళ్లాక, మా వారు ఖాళీ కప్పు చేతిలో తిప్పుతూ, ఆ రోజు నువ్వు బాగానే నడిపావులే అన్నారు. ఎంత సంతోషం వేసిందో అంత దిగులూ వేసింది. మా మోకాళ్లు బోటులోకి దిగనివ్వకే కదా అమ్ముకుంటున్నాం. ఇప్పుడు ఏ పనైనా ఒక్కరితో అయిపోతోంది. మన కాలంలో అలిగినా అవతలి మనిషిని పిలవక గడిచేది కాదు.

ఆ సాయంత్రం కొన్నవాళ్లు వచ్చారు. ఆ ఇంటి ఇల్లాలు స్టీరింగ్ పట్టుకుంటే బోటు తిన్నగా సాగిపోయింది. బెంచీ మీద, నా ఒళ్లో చేతులు స్టీరింగ్ పట్టుకున్నట్టు వాటంతటవే తిరుగుతున్నాయి.