చెరువు శిఖంలో రేసు కారు

ఇబ్రహీంపట్నం దొర దగ్గర కార్లు నడిపే నూరుద్దీన్‌ను పోలీసు చర్య ముగిసీ ముగియకముందే పట్టుకుపోయారు. రజాకార్లను కారులో తిప్పాడని నేరం మోపారు. తిప్పిన మాట నిజమే. తిప్పమన్నది మాత్రం దొర. ఆ సంగతి దొర ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు, కమ్యూనిస్టు సంఘం వాళ్ల భయంతో పట్నంలో దాక్కుని మరుసటి వేసవిలో మిలిటరీ వెంట తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే నూరుద్దీన్ కొడుకు, అప్పటిదాకా కార్లు కడిగే అహ్మద్ అలీ చేతిలో తాళాలు పెట్టాడు. తండ్రి పక్కన కూర్చుని చూసి నేర్చుకోవడమే తప్ప ఆ కుర్రవాడు ఒంటరిగా స్టీరింగు పట్టింది లేదు.

అంతలో మిలిటరీ క్యాంపు ఆఫీసరుకు కార్ల పందెం మీద సరదా పుట్టింది. ఎండిన పెద్ద చెరువు శిఖంలో, నీళ్లు నిలిచే ఆ పల్లపు నేల మీద, సున్నంతో గుండ్రంగా బాట గీయించాడు. ఎర్ర గుడ్డ కనబడితే తుపాకులు లేచే రోజులు గనుక మలుపుల్లో తెల్ల జెండాలు పాతించాడు. ఆఫీసరు మెప్పు కోసం దొర తన రెండు సీట్ల రేసు కారు తీయించాడు.

పందెం నాడు, దాన్ని నడపబోయే అహ్మద్ అలీని దొర పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు.

"సాబ్ బండి ముంగట పోతది. నువ్వు ఎనక పోవాలె. దాటినవంటే నీ అయ్య ఇగ ఇల్లు చూడడు."

అహ్మద్ అలీ తలూపాడు. తల్లి హుస్సేన్ బీ పొద్దున్నే వేరే మాట చెప్పి పంపింది. తండ్రిని విడిచిపెట్టమని ఎట్లాగైనా ఆఫీసరు కాళ్ల మీద పడమంది.

కట్ట మీద ఊరి జనాన్ని నిలబెట్టారు. వాళ్ల వెనక తుపాకులతో జవాన్లు. జెండా ఊపగానే అహ్మద్ అలీ కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. ఎవరో నవ్వారు. మళ్లీ స్టార్టు చేసేసరికి ఆఫీసరు కారు దుమ్ములో కలిసిపోయింది. గేరు మార్చగానే సీటు వీపును ముందుకు తోసింది. అంత వేగం అతను ఎన్నడూ ఎరగడు. దుమ్ములోంచి ఆఫీసరు కారు వెనకభాగం ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. బ్రేకు తొక్కాడు. కాలు అడుగుదాకా పోయింది, కారు ఆగలేదు.

గుద్దాలి, లేదా దాటాలి. ఊపిరి బిగబట్టి స్టీరింగు పక్కకు లాగాడు. ఆఫీసరు కారును దాటాక తండ్రి చూపినట్లు గేరు తగ్గిస్తూ, తూము దగ్గర ఇంకా తడి ఆరని ఒండ్రులోకి మళ్లించాడు. కారు పొట్టదాకా దిగబడి ఆగింది.

జవాన్లు తుపాకులు ఎత్తి చుట్టుముట్టారు. ఆఫీసరు వచ్చి, ఎందుకు దాటావని ఉర్దూలో అడిగాడు. బ్రేకు పోయిందని, దాటకపోతే మిమ్మల్నే గుద్దేవాణ్ణని అహ్మద్ అలీ చెప్పాడు. ఆఫీసరు వంగి బ్రేకు నొక్కి చూశాడు. డ్రైవింగు ఎవరు నేర్పారన్నాడు.

దొర అప్పటికే రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు. అహ్మద్ అలీ అతని వైపు చూడలేదు.

"మా అబ్బా నేర్పిండు సాబ్. మీ జైల్ల ఉన్నడు. రజాకార్లను తిప్పిండని పట్కపోయిండ్రు. తిప్పుమన్నదెవరో ఈ దొరనే అడుగుండ్రి."

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కారు బయటికి లాగించమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే దొర మనుషులు వాళ్ల సామాను బయట పడేశారు. తల్లీకొడుకులు యాచారంలో పిన్ని బేగం బీ ఇంట్లో తలదాచుకున్నారు. బయట బండి చప్పుడైతే చాలు, హుస్సేన్ బీ కొడుకును లోపలికి నెట్టేది. వానాకాలంలో నిజంగానే మిలిటరీ జీపు వచ్చింది. అహ్మద్ అలీని తీసుకుపోయి, దొర గురించి చెప్పిందే మళ్లీ చెప్పించుకుని వదిలేశారు.

చలి మొదలయ్యేవేళకు నూరుద్దీన్ విడుదలై ఆ ఇంటికే వచ్చాడు. పోల్చుకోలేనంతగా చిక్కిపోయాడు. ఆఫీసరు చలవో, కేసు నిలవకనో ఎవరూ చెప్పలేదు. దొర పేరు బయటపెట్టింది ఎవరని అతను అడిగితే హుస్సేన్ బీ కొడుకును చూపించింది.

"భయం గాలేదారా?" అన్నాడు నూరుద్దీన్.

"అయింది అబ్బా. మస్తు అయింది."

నూరుద్దీన్ కొడుకును దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

ఆ పైన అహ్మద్ అలీ పట్నంలో లారీ తోలి ఇల్లు నడిపాడు. నూరుద్దీన్ మళ్లీ స్టీరింగు ముట్టలేదు.